సైకిలు దొరకలేదు

వస్తువు పోయినప్పుడు దాని వెల ఎంత అని లోకం అడుగుతుంది. పోగొట్టుకున్నవాని లెక్క వేరు. కలవాని ఇంట సైకిలు పోతే వాహనం పోయినట్లు, పేదవాని ఇంట పోతే మరునాటి అన్నం పోయినట్లు. ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో నిర్మించిన ‘బైసికిల్ థీవ్స్’ చిత్రానికి ఈ భేదమే ప్రాణం.

చిత్రానికి ఆధారం లుయీజీ బార్తొలీనీ 1946లో వెలువరించిన నవల. అందులో సైకిలు పోగొట్టుకున్నవాడు చిత్రకారుడు. వెతుక్కొనుటకు అతనికి మరొక సైకిలు కూడ ఉన్నది. చిత్రకథను మలచినవారిలో ముఖ్యుడైన చెజారే జవత్తీనీ ఆ రెండవ సైకిలును తీసివేసినాడు. కథానాయకుని కూలివానిగా మార్చినాడు. దానితో వేట కాస్తా వేదన అయినది.

యుద్ధంలో చితికిపోయిన ఇటలీలో నాడు పని దొరకడమే గగనం. రోము శివారున కాపురమున్న ఆంటోనియో రిచ్చీకి ఎన్నాళ్ళకో గోడలకు ప్రకటనలు అంటించే కొలువు దొరికినది. కాని సైకిలు ఉన్నవానికే ఆ కొలువు. అతని సైకిలు తాకట్టులో ఉన్నది. భార్య మరియా మంచాలమీది దుప్పట్లు తీసి, ఉతికి, మూటగట్టి కుదువబెట్టించి, ఆ సొమ్ముతో సైకిలును విడిపించినది. కొట్టు ఉద్యోగి ఆ మూటను మోసుకొనిపోయి కప్పుదాకా పేర్చిన అరలలో ఒకదానిలో పెడతాడు. అరలనిండా అటువంటి మూటలే. ఆ నగరంలో ఎన్ని ఇండ్లవారు దుప్పట్లు లేక పడుకొనుచున్నారో ఆ ఒక్క దృశ్యం చెప్పుతుంది.

పనిలో చేరిన మొదటినాడే, ఆంటోనియో నిచ్చెనపై ఉండగా ఒక యువకుడు సైకిలెక్కి ఉడాయించినాడు. ఠాణాలో అధికారి ఫిర్యాదు వ్రాసుకొని, ఇక వెతుక్కొనవలసినది నీవే అన్నాడు. ఇంతలో విలేఖరి ఒకడు వచ్చి విశేషమేమని అడిగితే, ఏమీ లేదు, ఉత్త సైకిలు అని ఆ అధికారి చెప్పినాడు. ఒక కుటుంబం బ్రతుకంతా ఆ రెండు మాటలలో కొట్టుకొనిపోయినది.

ఆదివారం తెల్లవారకముందే ఆంటోనియో చిన్నకుమారుడు బ్రూనోను వెంటబెట్టుకొని, పారిశుద్ధ్యపు పనివారైన మిత్రులతో అంగడికి వెళ్ళినాడు. అచ్చట సైకిలు సైకిలుగా ఉండదు. చట్రాలు ఒకచోట, టైర్లు ఒకచోట, గంటలు, పంపులు వేరొకచోట. దొంగసొత్తు వెతకడంలో మొదటి చిక్కు ఇదే. అందుచేత మిత్రులు వంతులు వేసుకొన్నారు: ఒకడు టైర్లు చూడాలి, ఒకడు చట్రాలు, బ్రూనో గంటలు, పంపులు. రంగు పూస్తున్న చట్రం ఒకటి తమదేమోనని అనుమానం కలిగినది. పోలీసును పిలిపించి అంకె చూపించమంటే ఆ అంకె వేరు.

వాన కురిసినది. పొద్దెక్కినది. నిస్పృహలో తండ్రి కొడుకు చెంప చెళ్ళుమనిపించినాడు. పిమ్మట పశ్చాత్తాపంతో పూటకూళ్ళ ఇంటికి తీసుకొనిపోయి, చేతనున్న కొద్ది డబ్బుతో తినిపించినాడు. ఎట్టకేలకు దొంగ కనిపించినాడు. కాని వాని ఇల్లు ఒక ఇరుకు గది, అందులోనే సంసారమంతా. వెదికితే సైకిలు లేదు, సాక్షి లేడు. వాడకట్టువారందరూ వానివైపే. పోలీసు చేయగలిగినది ఏమీ లేకపోయినది. దోచుకొన్నవాడు కూడ దోచబడినవానివంటివాడే అని ఆంటోనియో ఆ గదిలో గ్రహించి ఉండవచ్చును. కాని గ్రహింపు కడుపు నింపదు.

ఆటమైదానం వెలుపల సైకిళ్ళు బారులు తీరి ఉన్నవి. ఒక గుమ్మం ప్రక్కన ఒంటరిగా ఒకటి ఆనించి ఉన్నది. ఆంటోనియో కొడుకును ట్రామెక్కి పొమ్మని పంపి, దానిని అందుకొని పరుగుతీసినాడు. జనం తరిమి పట్టుకొన్నారు, కొట్టినారు. ట్రాము అందని బ్రూనో అదంతా చూచినాడు. ఏడ్చుచున్న ఆ బాలుని చూచి సైకిలు యజమాని అతనిని విడిచిపెట్టినాడు. సందెవేళ జనంలో నడుస్తూ తండ్రి కన్నీరు పెట్టుకొనగా, కొడుకు మౌనంగా అతని చేయి పట్టుకొన్నాడు. సైకిలు దొరకలేదు.

ఆంటోనియో పాత్రధారి లాంబెర్తో మజ్జొరానీ నటుడు కాడు, కర్మాగారపు కార్మికుడు. బ్రూనోగా నటించిన ఎంజో స్తయోలా పెద్దవాడై గణితోపాధ్యాయుడైనాడు. సత్యజిత్ రాయ్ 1950లో లండనులో ఈ చిత్రం చూచి ఉత్తేజితుడైనాడు. 1955లో ఆయన ‘పథేర్ పాంచాలీ’ వెలువడినది. 1952లో బొంబాయిలో ఆరంభమైన మన ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడ దీనిని ప్రదర్శించినారు.

దొంగతనము తప్పని పిల్లలకు బోధించడం సులభం. తప్పు చేసిన తండ్రి చేయి విడువకుండ పట్టుకొనడం బ్రూనోకు ఎవరూ బోధించలేదు. తప్పును తప్పుగా చూస్తూనే మనిషిని మనిషిగా చూడగలగడం ఏ పాఠంలో ఉన్నదో, బడిలో మనం వెతుక్కొనవలసియున్నది.