పసి భుజాలపై ఎంత బరువు!

ఒక తిట్టు... ఒక దెబ్బ... ఒక భయం. చిన్నప్పుడు తగిలినవి అక్కడితో పోవు. ఒకదానిమీద ఒకటి పేరుకుని, పెద్దయ్యాక ఒంట్లోనూ మనసులోనూ బయటపడతాయి.

పాడేరు కొండల్లో ఓ పిల్లాణ్ని ఊహించుకోండి. నాన్న తాగొచ్చిన రాత్రి అమ్మకు దెబ్బలు. ఎనిమిదేళ్లకే ఊరొదిలి ఆశ్రమ పాఠశాలకొచ్చాడు. ఇంట్లో కువి, ఇక్కడ తెలుగు. మాట తడబడితే వెక్కిరింపు. పక్క తడిపితే బెత్తం. విడివిడిగా చూస్తే 'ఇదేమంత పెద్ద విషయం' అనిపిస్తుంది. కానీ వాడు మోసేది అన్నిటినీ కలిపి!

బరువు లెక్క

ఇది కొండల్లోని కథేననుకుంటే పొరపాటే. అమెరికాలోని శాన్‌డియాగోలో ఆరోగ్య బీమా ఉన్న తొమ్మిదిన్నర వేల మంది పెద్దలను వైద్యులు విన్సెంట్‌ ఫెలిట్టి, రాబర్ట్‌ ఆండా బృందం చిన్ననాటి సంగతులు అడిగింది. తిట్లు, దెబ్బలు, లైంగిక వేధింపులు, తల్లిపై హింస, ఇంట్లో తాగుబోతులు, మానసిక రోగులు, జైలుకెళ్లినవారు... ఇలా 7 రకాలు. రకానికో మార్కు. సగానికి పైగా కనీసం ఒకటి ఎదురైందన్నారు. 1998లో వెలువడిన ఫలితం వైద్యులనే ఆశ్చర్యపరిచింది. ఏ మార్కూ లేనివారితో పోలిస్తే 4, అంతకు మించి ఉన్నవారికి మద్యానికి బానిసవడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు.

మన దగ్గరా తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడిన కేంద్రప్రభుత్వ అధ్యయనం 2007లో వచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే.

లోపల జరిగేదేంటి?

భయపడినప్పుడు ఒంట్లో కార్టిసాల్‌ వంటి హార్మోన్లు పెరుగుతాయి. ప్రమాదం తప్పగానే తగ్గాలి. రోజూ భయమే అయితే తగ్గే తీరికేదీ? నిద్ర, ఏకాగ్రత, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. క్లాసులో పరధ్యానంగా ఉన్న పిల్లాడు మొద్దబ్బాయి కాకపోవచ్చు... బెదిరిపోయినవాడు కావచ్చు.

దించే చేయి

ఎక్కువ మార్కులున్న వాళ్లంతా జబ్బుపడతారని కాదు. అది నుదుటిరాత కాదు. కష్టాలు పేరుకుంటాయన్న లెక్కలోనే ఓ ఆశ కూడా ఉంది. అన్నీ తీర్చలేకపోయినా ఒక్కటి తగ్గించినా మేలే!

ఆ ఒక్కటీ భాష కావచ్చు. 2004లో రాష్ట్రంలో కువి, ఆదివాసీ ఒరియా సహా 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టడం అలాంటి అడుగే. ఆ ఒక్కటీ బెత్తం కావచ్చు. బడిలో కొట్టడం, మనసు నొప్పించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. అన్నిటికన్నా ముఖ్యం... ఒక మనిషి. కష్టాలు దాటి నిలదొక్కుకున్న పిల్లల వెనక నమ్మకంగా నిలిచిన పెద్దదిక్కు ఒకరైనా ఉంటారంటారు నిపుణులు. అది అమ్మమ్మ కావచ్చు, పంతులుగారు కావచ్చు, హాస్టల్లో అన్నం వడ్డించే అక్క కావచ్చు.

పిల్లలు హింసకు గురవుతున్నారని తెలిస్తే 1098కి ఫోన్‌ చేయండి. చిన్ననాటి గాయం ఇప్పటికీ వేధిస్తుంటే టెలీమానస్‌ నంబరు 14416 ఉంది. ఇంట్లో పిల్లాడు ముభావంగా ఉన్నాడా? 'ఏంట్రా ఆ మొహం' అని కసరకుండా, పక్కన కూర్చుని 'ఏమైంది నాన్నా' అని అడిగి చూడండి. సగం బరువు అక్కడే దిగుతుంది.