పరదేశములో శిశుసేవ

చదువు ముగిసిన పిమ్మట దూరదేశమునకు వెళ్లి, అచ్చటి వైద్యశాలలో చిన్నబిడ్డలకు సేవ చేయవలెనని మా విద్యార్థులలో కొందరు తలంచుచుండుట మేమెరుగుదుము. ఆ తలంపు మెచ్చదగినదే. కాని అట్టి చోట నిజముగా జరుగు పని యేమి? బిడ్డ నెత్తుకొని లాలించుట, కడుపునిండ తినిపించుట యని పలువురనుకొందురు. పస్తులతో చిక్కిన బిడ్డకు మొదటి దినములలో కడుపునిండ తినిపించుట ప్రాణాపాయము! ఇది యేల యని వివరించుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

పశ్చిమాఫ్రికాలోని నేటి ఘానాను పూర్వము గోల్డ్ కోస్ట్ అనెడివారు. జమైకాలో జన్మించి, ఇంగ్లండులో వైద్యము చదివిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1929లో అచ్చటికి ప్రభుత్వోద్యోగముపై వెళ్లెను. పాలు మానిన పసివారు పాదములు వాచి, చర్మము పొరలుగా లేచి, జుట్టు రంగు మారి ఆమెయొద్దకు వచ్చెడివారు. వాపు వలన బొద్దుగా కనబడెడివారే గాని, లోపల క్షీణించి పలువురు మరణించెడివారు. ఆమె ఈ జబ్బును గూర్చి అచ్చటి స్త్రీలనే అడిగెను. గా భాషలో దీనిని 'క్వాషియోర్కర్' అందురనియు, తల్లికి మరియొక బిడ్డ పుట్టగా చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చు జబ్బనియు వారు చెప్పిరి. మొక్కజొన్న జావయే ఆ బిడ్డలకు ఆహారము. 1935లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ఆమె ఆ పేరుతోనే జబ్బును ప్రకటించెను.

ఇంట ఒక భాష, ఆసుపత్రిలో మరియొక భాష వినుచు పెరిగిన మనకు ఇందలి విశేషమును విప్పి చెప్పనక్కరలేదు. వైద్యుని భాష రాక, తల్లి సగము చెప్పి సగము మ్రింగుట మనము చూడనిది కాదు. పరదేశమునకు వెళ్లువారు మందుల పేర్లకంటె ముందు ఆ తల్లుల భాషలో నాలుగు మాటలు నేర్చుకొనుట మేలని మా అభిప్రాయము.

1967 నుండి 1970 వరకు నైజీరియాలో జరిగిన బయాఫ్రా యుద్ధమున ఈ జబ్బు వేలకొలది బిడ్డలను పట్టుకొనెను. రెడ్‌క్రాస్ పక్షమున అచ్చటికి వెళ్లివచ్చిన ఫ్రెంచి వైద్యులు కొందరు, పత్రికారచయితలతో కలిసి, 1971 డిసెంబరులో 'మెద్సేన్ సాన్ ఫ్రాంతియేర్' అను సంస్థను స్థాపించిరి. ఎల్లలు లేని వైద్యులని దాని యర్థము. విదేశములనుండి వచ్చువారి ఫొటోలే పత్రికలలో కనబడును గాని, ఆ సంస్థలో పనిచేయువారిలో అత్యధికులు ఆయా దేశముల వారే.

ఇక వైద్యశాలలోని పని. బిడ్డ రాగానే తూకము, పొడవు చూచి, ఎడమ చేతికి భుజమునకును మోచేతికిని నడుమ రంగుల పట్టీ చుట్టుదురు. ఆరు నెలలు నిండి అయిదేండ్లలోపు వయసుగల బిడ్డకు ఆ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు, అనగా నాలుగున్నర అంగుళములకు, తగ్గినచో పట్టీపై ఎరుపురంగు కనబడును. అది తీవ్రమైన పోషకాహారలోపము. రెండు పాదములపై బొటనవ్రేళ్లతో నొక్కి తీసినపుడు గుంట నిలిచినచో, పట్టీ యేమి చెప్పినను, బిడ్డ ప్రమాదములో నున్నట్లే.

నీరసించి, ఆకలియే చచ్చిన బిడ్డను చేర్చుకొని 'ఎఫ్-75' అను పాలు పట్టుదురు. 100 మిల్లీలీటర్లలో 75 కాలరీల శక్తి మాత్రమే యుండును. పెద్దగా వాపు లేని అయిదు కిలోల బిడ్డకు రెండు గంటలకొకసారి 55 మిల్లీలీటర్లు; సుమారు చిన్న టీ గ్లాసులో సగము. రాత్రింబవళ్లు పండ్రెండు మార్లు. "ఇంతేనా?" యని తల్లి యడుగును. క్రొత్తగా చేరిన సేవకుని మనసును అట్లే యడుగును. కాని చాలకాలము పస్తున్న శరీరము పొదుపునకు అలవాటుపడి, గుండె, మూత్రపిండములు, కాలేయము మందగించి యుండును. ఒక్కసారిగా ఆహారము పడినచో రక్తములోని పొటాషియము, ఫాస్ఫేటు కణములలోనికి పోయి, రక్తమున వాని కొరత యేర్పడి, గుండె ఆగిపోవచ్చును. మనవైపు నీరసమునకు సెలైను సీసా ఎక్కింపుడని అడుగుట వాడుక; ఇట్టి బిడ్డకు, వైద్యులు అత్యవసరమని నిర్ణయించిననే తప్ప, అదియు ముప్పే.

రాత్రి రెండు గంటల పాలు తప్పరాదు. తప్పినచో రక్తములో చక్కెర తగ్గి, ఒళ్లు చల్లబడి, తెల్లవారునప్పటికి బిడ్డ దక్కకపోవచ్చును. బిడ్డను తల్లి రొమ్మున కానించి, తలకు టోపీ పెట్టి, దుప్పటి కప్పి యుంచుదురు. కునికిపాట్లు పడుచు కొలగ్లాసుతో మంచము మంచమునకు తిరుగుటయే సేవకుల పనిలో పెద్దపాలు.

వైద్యము చదువనివారికిని ఒక పని కలదు. ఆకలి బిడ్డ ఆటను మరచును. ఖాళీ డబ్బాలతో గిలకలు చేసి, ఆడించు విధమును తల్లికి చూపుటయు చికిత్సలో భాగమే. తల్లికి చూపుట యంటిమి గాని, తల్లి చేతినుండి బిడ్డను లాగికొనుట కాదు. రెండు వారములు ముద్దుచేసి, ఫొటోలు దిగి వెళ్లిపోవువారిని మేము మెచ్చజాలము. బిడ్డ వారికొరకు వెదకుకొనును.

ఈ పనిని మార్చివేసినది మన మెరిగిన వేరుసెనగయే. 1996లో ఆంద్రే బ్రియాండ్ అను ఫ్రెంచి వైద్యుడు, మిషెల్ లెస్కాన్‌తో కలిసి, వేరుసెనగ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, లవణములు చేర్చి 'ప్లంపీనట్' తయారుచేసెను. 92 గ్రాముల పొట్లములో 500 కాలరీలు. నీరు కలపనక్కరలేదు గనుక క్రిములు సులభముగా పెరుగవు. పాలను కాచిన నీటితో కలిపి వెంటనే పట్టవలెను. దీనిని తల్లి గుడిసెలోనే తినిపింపవచ్చును. 2005లో నైజీరియాకు ఉత్తరమున నున్న నైజర్ దేశమున కరవు రాగా, ఆ సంస్థవారు 60,000కు పైగా బిడ్డలకు చికిత్స చేసిరి. వారిలో పలువురు ఇంటియొద్దనే కోలుకొనిరి.

బిడ్డను ఇంటికి పంపుటకు ముందు ఒక పరీక్ష కలదు. తల్లి యొడిలో కూర్చుండబెట్టి, పొట్లము చించి చేతికిత్తురు. ప్రక్కన గ్లాసెడు మంచినీరు. బలవంతము చేయరాదు, తొందరపెట్టరాదు. సేవకుడు దూరముగా కూర్చుండి చూచుచుండవలెను. బిడ్డ మొదట మొగము త్రిప్పుకొనును, పిమ్మట వ్రేలు నాకును. ఇష్టముగా తినినచో, వారమునకు సరిపడు పొట్లములను తల్లి చెంగున కట్టుకొని ఊరికి పోవును. మరుసటి వారము అదే దినమున తూకమునకు రావలెను.