పాత ఫ్రేములో కొత్త అద్దాలు

మా సంఘంలో నేసిన చీరలు జమ తీసుకునే బల్ల దగ్గర కూర్చునేది నేనే. చీరను వెలుతురుకు పట్టి చూసి, తెగిన పడుగుపోగును అతకకుండా నేసిన జాడ కనిపిస్తే మజూరీలో కోత రాయడం నా విధి. క్రిందటి సంవత్సరం వరుసకు నాకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన చీరలకు వరుసగా మూడుసార్లు కోత రాయవలసి వచ్చింది. మూడోసారి ఆయన, “రాసుకో అబ్బాయీ, చెయ్యి తప్పడంలేదు, పోగే కనిపించడంలేదు” అన్నారు. ఆ కోత కొట్టివేశాను. మొదటి రెండూ అప్పటికే లెక్కల్లోకి పోయినవి.

ఆయనకు కళ్లజోడు లేక కాదు. ఎనిమిదేళ్లనాటిది వున్నది. ఫ్రేము గట్టి లోహం, ఎక్కడా చెక్కుచెదరలేదు. అద్దాలే చాలడంలేదు. చత్వారం అనేది నలభై ప్రాంతాన మొదలై, అరవై దాటేవరకు కొద్దికొద్దిగా పెరుగుతూనే వుంటుంది. కంటిలోపలి కటకం బిరుసెక్కడం దీనికి కారణం. కనుక కొన్ని సంవత్సరాలకొకసారి అద్దం నంబరు మార్చవలసిందే. ఫ్రేముకు మాత్రం అటువంటి నిమిత్తం లేదు. అయినా మనవారు “మళ్లీ కొత్త జోడు కొనాలా” అని వెనకాడతారు. దుకాణంవారు కూడా మొదట చూపేది ఫ్రేముల పెట్టెనే గదా!

ఈ విషయంలో బ్రిటను దేశపు ఏర్పాటు తెలుసుకోదగినది. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవ 1948లో మొదలైనప్పుడు కళ్లజోళ్లను తానే ఇచ్చేది. 1986 నుండి జోడుకు బదులు ఓచరు చీటీ ఇస్తున్నది. పిల్లలకు, స్వల్ప ఆదాయం గలవారికి, మరికొందరికి ఈ చీటీ వస్తుంది. అరవై దాటినంత మాత్రాన పరీక్ష ఉచితమే గాని చీటీ రాదు. అద్దం శక్తినిబట్టి చీటీ విలువకు తరగతులున్నవి. ఇంగ్లండులో 2020లో అన్నిటికన్న తక్కువది 39 పౌండ్ల 10 పెన్సులు. మనకు పనికివచ్చే సంగతేమంటే, ఆ చీటీతో కొత్త జోడే కొనాలని లేదు. పాత ఫ్రేము బాగుంటే అందులో కొత్త అద్దాలు వేయించుకోవడానికీ అది చెల్లుతుంది.

మనకూ ఇటువంటి అవకాశం ఒకప్పుడు కొద్దిగా వుండినది. 2005లో కేంద్ర ప్రభుత్వం చేనేతవారికై ప్రారంభించిన ఆరోగ్య బీమా పథకంలో కళ్లజోడుకని 250 రూపాయల పరిమితి వుండేది. అప్పట్లో నేను సంఘంలో గుమాస్తాను. పట్నంలోని ఒక అద్దాల దుకాణానికి ఒకాయనను తీసుకుపోతే, “ఉట్టి అద్దాలకు బిల్లు రాయము, జోడు మొత్తం తీసుకుంటేనే” అన్నారు. నేను గట్టిగా అడగలేదు. ఆయన పైన మరికొంత చేతిసొమ్ము వేసి, అక్కరలేని ఫ్రేము కొన్నారు. ఆ పథకం ఇప్పుడు లేదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం క్రింద చత్వారం వచ్చిన వృద్ధులకు ఉచితంగా కళ్లజోళ్లిచ్చే ఏర్పాటున్నది. జిల్లా ఆస్పత్రిలో విచారించండి.

ఉచితమైనా, కొన్నదైనా, మన పనికి సరిపోయే జోడు కావాలంటే ఒక మెలకువ వున్నది. చదువుకునే అద్దాలను సామాన్యంగా 40 సెంటీమీటర్ల దూరానికి నిర్ణయిస్తారు. మగ్గంమీద కూర్చున్నవాని కంటికీ, పేక పడేచోటికీ దూరం అంతకన్న ఎక్కువ. మా మగ్గాల దగ్గర 50 నుండి 60 సెంటీమీటర్లుగా తేలినది. పూర్తిగా చత్వారం వచ్చినవారికి 40 సెంటీమీటర్లకు సుమారు రెండున్నర నంబరు కావలసివస్తే, 50కి రెండు చాలును. ఎక్కువ నంబరు పెడితే పోగు కనపడడానికి వంగవలసి వస్తుంది. సాయంకాలానికి మెడ, నడుము పట్టుకున్నవని మూలిగేవారిలో కొందరి బాధ ఇదేనేమో అని నా అనుమానం.

కాబట్టి పరీక్షకు పోయేముందు మగ్గంలో ఎప్పటివలె కూర్చుని, కంటినుండి పేక పడేచోటికి ఒక నూలుపోగు పట్టించి, అక్కడ ముడివేసి, ఆ పోగును జేబులో వేసుకుపోండి. పరీక్షించేవారికి అది చూపి, “నాకు ఇంత దూరాన కనపడాలి” అనండి. గుడ్డముక్క కూడా తీసుకుపోవడం మంచిది. బాబాయికి తమిళ అక్షరాలు రావు, తెలుగు పలక అక్కడ లేదు. ఆయన ఆ గుడ్డలో పోగులు లెక్కబెట్టి చూపారు. డాక్టరుగారు నవ్వినా, నంబరు దానినిబట్టే సరిచూశారు.

ఇక ఫ్రేము సంగతి. ప్లాస్టిక్ ఫ్రేము ఏండ్లు గడిస్తే పెళుసుబారుతుంది. అద్దం బిగించేటప్పుడు చిట్లితే దుకాణంవారు పూచీపడరు. మడతలు వదులైనవా, మరలు నిలుస్తున్నవా చూసుకోండి. ముఖాన వంకరగా నిలిచే ఫ్రేమును ముందే సరిచేయించండి. ఎందుకంటే అద్దం నడిమి బిందువు కంటిపాపకు ఎదురుగా వుండాలి. అది తప్పితే నంబరు సరైనదైనా తలనొప్పి తప్పదు. రెండు కళ్లపాపల మధ్య దూరం కొలిచి చీటీలో రాయమని అడగండి.

ఇదంతా ఖర్చుకు తగినదేనా అని మా సభ్యులు కొందరడిగారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మందిపై జరిపిన పరిశీలన 2018లో ప్రచురితమైనది. దగ్గరి చూపుకు అద్దాలు పొందినవారి కోత, పొందనివారికన్న సుమారు 22 శాతం అధికంగా పెరిగినది. తేయాకు వేరు, పట్టుపోగు వేరు. కాని పోగు ఆకుకన్న సన్నమని వేరే చెప్పాలా?

బాబాయి పాత ఫ్రేములోనే కొత్త అద్దాలు వేయించాము. ఆ తర్వాత ఆయన తెచ్చిన నాలుగు చీరలకూ కోత పడలేదు. మొదటి రెండు కోతల సొమ్ము తిరిగి ఇప్పించే విషయం కార్యవర్గం ముందు పెట్టాను, ఇంకా తేలలేదు. వచ్చే మజూరీ బట్వాడా రోజున, నలభై దాటిన మా సభ్యులు ఇంట్లో మూలపడిన కళ్లజోళ్లు వెంట తేవలసిందిగా నోటీసు అంటించాము. పనికివచ్చే ఫ్రేములు వేరుచేసి, పేర్లు రాసుకుని, అందరినీ ఒకే రోజున పరీక్షకు తీసుకుపోతాము. ఒక దుకాణంవారు అద్దాలకు విడిగా బిల్లు రాస్తామని ఒప్పుకున్నారు. ఈసారి గట్టిగానే అడిగాను.