జబ్బు రానివాళ్లనూ లెక్కపెట్టాలి

2017లో కౌలాలంపూర్ పరిసరాల్లోని కొన్ని కాలనీల్లో మలేసియా ప్రభుత్వ శాస్త్రవేత్తలు దోమలను వదిలారు. డెంగీని మోసుకు తిరిగే ఏడిస్ ఈజిప్టై జాతినే ప్రయోగశాలలో పెంచి, తెచ్చి వదిలారు. అదీ డెంగీ ఏటా వదలకుండా పీడించే చోట్లను ఏరుకుని మరీ. అక్కడి జనానికి ముందుగా విషయం వివరించి, ఒప్పించాకే ఆ పని చేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే ఆ కాలనీల్లో డెంగీ కేసులు 40 శాతం తగ్గాయని తేలింది.

ఈ ప్రయోగాన్ని నడిపింది కౌలాలంపూర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్, క్లుప్తంగా ఐఎంఆర్. మెల్‌బోర్న్, గ్లాస్గో విశ్వవిద్యాలయాలు చేయి కలిపాయి. 1900లో బ్రిటిష్ పాలనలో పాథలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో మొదలైన సంస్థ ఇది. తగరపు గనుల్లో, తోటల్లో, రోడ్ల పనుల్లో కూలీలు జబ్బులతో రాలిపోతుంటే ఆ జబ్బుల సంగతి తేల్చడానికి దీన్ని పెట్టారు.

ఇంతకీ 40 శాతం తగ్గిందంటే దేనితో పోల్చి? డెంగీ ఒక ఏడు విజృంభిస్తుంది, మరుసటి ఏడు తనంతట తానే నెమ్మదిస్తుంది. దోమలను వదిలిన చోట కేసులు తగ్గాయి కాబట్టి అది ఆ దోమల చలవేనంటే ఎవరూ ఒప్పుకోరు. దోమలను వదలని కాలనీల్లో, అదే కాలంలో, ఏం జరిగిందో చూడాలి. ఈ సంగతి ఈ సంస్థ పుట్టిన కొత్తల్లోనే మలయా (నేటి మలేసియా) గడ్డ మీద రుజువైంది. అప్పటి సమస్య దోమ కాదు, అన్నం.

ఒకే నేల, మూడు రకాల బియ్యం

అప్పట్లో మలయాను వణికించిన జబ్బు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పట్టు తప్పుతాయి. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి, గుండె ఆగిపోతుంది. ఇది అంటువ్యాధేనని చాలామంది వైద్యులు నమ్మేవారు. సంస్థ తొలి డైరెక్టర్ హామిల్టన్ రైట్ కూడా అదే పక్షం.

నెగ్రి సెంబిలాన్‌లో ప్రభుత్వ వైద్యుడైన లియొనార్డ్ బ్రాడన్ మాత్రం జబ్బు ఎవరికి వస్తోందన్నదానితో పాటు ఎవరికి రావడం లేదన్నదీ గమనించాడు. తగరపు గనుల్లోని చైనా కూలీలు బెరిబెరితో చనిపోతున్నారు. అదే వానలో, అదే బురదలో పనిచేసే భారతీయ కూలీలకు అది దాదాపు రావడం లేదు. వీరిలో తమిళులు ఎక్కువ, మన విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లినవారూ ఉండేవారు. తమ పల్లెల్లో ధాన్యం దంచుకు తినే మలయ్ రైతులకూ అది లేదు. తేడా కంచంలో కనిపించింది. చైనా కూలీలు తినేది సయాం (థాయిలాండ్) నుంచి వచ్చే, మరపట్టిన తెల్ల బియ్యం. భారతీయులు తినేది ఉప్పుడు బియ్యం.

సరి సంఖ్య, బేసి సంఖ్య

బ్రాడన్ చెప్పింది పరిశీలన మాత్రమే. దాన్ని పరీక్షకు పెట్టినవాడు విలియం ఫ్లెచర్. అప్పటికి కౌలాలంపూర్‌లో వైద్యుడు, తర్వాత ఐఎంఆర్‌లో పరిశోధకుడు. 1905 డిసెంబరులో ఆయన అక్కడి మానసిక చికిత్సాలయంలోని రోగులందరినీ వరసగా నిలబెట్టి సంఖ్యలు వేయించాడు. బేసి సంఖ్యల వారిని ఒక వార్డుకు, సరి సంఖ్యల వారిని దానికి ఎదురుగా, అచ్చం అలాగే ఉన్న మరో వార్డుకు పంపాడు. తిండి అంతా ఒకటే. ఒక్క బియ్యమే వేరు. బేసివారికి తెల్ల బియ్యం, సరివారికి ఉప్పుడు బియ్యం. గదిలోనే ఏదైనా దోషం ఉందేమోనన్న అనుమానం తీరడానికి, మధ్యలో రెండు గుంపులనూ ఒకరి వార్డులోకి ఒకరిని మార్చాడు కూడా.

ఏడాది తిరిగేసరికి తెల్ల బియ్యం తిన్నవారిలో 18 మంది బెరిబెరితో చనిపోయారు. ఉప్పుడు బియ్యం తిన్నవారిలో ఆ జబ్బుతో ఒక్కరూ చనిపోలేదు. ఫ్లెచర్‌కు మొదట బియ్యం వాదన మీద నమ్మకం లేదు. లెక్కే ఆయన్ని మార్చింది.

తర్వాత ఐఎంఆర్‌కు చెందిన హెన్రీ ఫ్రేజర్, ఏంబ్రోస్ స్టాంటన్ ఇదే పరీక్షను అడవిలోకి తీసుకెళ్లారు. నెగ్రి సెంబిలాన్‌లోని డురియన్ టిపుస్ దగ్గర రోడ్డు వేస్తున్న జావా కూలీలు సుమారు 300 మందిని రెండు గుంపులు చేశారు. తెల్ల బియ్యం గుంపులో కొన్ని నెలలకు బెరిబెరి తలెత్తింది. బియ్యం అటూ ఇటూ మారిస్తే జబ్బూ అటు మారింది. మరలో పోయిన తవుడును కోళ్ల మేతలో తిరిగి కలిపితే వాటికి ఆ జబ్బు రాకుండా ఆగింది. అంటే తెల్ల బియ్యంలో విషమేదీ లేదు, ఉండాల్సినదే లేదు. కోళ్ల మీద ఇదే దారిలో అంతకుముందే జావాలో పనిచేసిన డచ్ వైద్యుడు ఐక్మన్‌కు 1929లో నోబెల్ దక్కింది. ఆ లోపించిన పదార్థాన్ని, అంటే థయమిన్ అనే బి1 విటమిన్‌ను, 1926లో బటావియాలో (నేటి జకార్తా) విడదీశారు.

ఉప్పుడు బియ్యం ఎలా కాపాడింది? థయమిన్ ఎక్కువగా గింజ పైపొరల్లో, మొలకలో ఉంటుంది. నీటిలో కరుగుతుంది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు అది కొంత గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మరపట్టినా పూర్తిగా పోదు. శరీరం పిండిపదార్థాన్ని శక్తిగా మార్చుకోవడానికి థయమిన్ కావాలి. అందుకే అన్నం ఎక్కువ, కూర తక్కువ తినే కూలీనే ఈ జబ్బు ముందుగా పట్టుకుంది.

ఈ కథ మనకు పరాయిది కాదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి గురించి మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైన బెరిబెరి ఎంక్వైరీ యూనిట్టే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అనుకోకుండా తగ్గిన జ్వరం

పోలిక కొన్నిసార్లు పిలవకుండానే వస్తుంది. 1948లో అమెరికా సైన్యానికి చెందిన జోసెఫ్ స్మాడెల్ బృందం క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందుతో ఐఎంఆర్‌కు వచ్చింది. నల్లి జాతి పురుగు పిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ మీద దాన్ని పరీక్షించడం వారి ఉద్దేశం. మందు గట్టిగా పనిచేసింది. అయితే స్క్రబ్ టైఫస్ అనుకుని మందు ఇచ్చిన వారిలో కొందరికి ఉన్నది నిజానికి టైఫాయిడ్ అని తర్వాత తేలింది. వారి జ్వరమూ దిగింది. అప్పటిదాకా టైఫాయిడ్‌కు మందంటూ లేదు. పొరపాటున మందు అందిన ఆ రోగులను లెక్కలోంచి తీసేసి ఉంటే ఆ సంగతి మరికొంత కాలం మరుగునే ఉండేది.

ఎండకు ఆగే రకం

మళ్లీ డెంగీ దగ్గరికి వద్దాం. 2019లో మలేసియాలో 1,30,000 మందికి పైగా డెంగీ బారిన పడ్డారు, 182 మంది చనిపోయారు. దోమలకు పొగ పెట్టినా డెంగీ మళ్లీ మళ్లీ వస్తుంటే ఐఎంఆర్ అంతకుముందే వోల్బాకియా అనే బ్యాక్టీరియా వైపు తిరిగింది. కీటక జాతుల్లో చాలావాటి కణాల్లో ఇది సహజంగానే కాపురం ఉంటుంది. ఏడిస్ ఈజిప్టైలో మాత్రం ఉండదు. దాన్ని ప్రయోగశాలలో ఈ దోమలోకి ఎక్కిస్తే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, డెంగీ వైరస్ ఆ దోమలో సరిగా పెరగదు. కాబట్టి అది కుట్టినా జబ్బు అంటించడం కష్టం. రెండు, ఆ బ్యాక్టీరియా తనంతట తాను దోమల్లో వ్యాపిస్తుంది. మన ఇంటిపేరు తండ్రి నుంచి వస్తే, వోల్బాకియా తల్లి నుంచి వస్తుంది. తల్లిలో ఉంటే తండ్రి ఎవరైనా పిల్లలకు వస్తుంది. తండ్రిలో ఉండి తల్లిలో లేకపోతే ఆ గుడ్లు పొదగవు. ఇలా వోల్బాకియా లేని దోమలు తరం తరానికీ తగ్గిపోతాయి. ఇందులో దోమ జన్యువులను మార్చడమంటూ ఏదీ లేదు.

ఐఎంఆర్ చేసిన అసలు ఎంపిక ఇక్కడుంది. ఇతర దేశాల్లో ఎక్కువగా వాడినది పండ్ల ఈగ నుంచి తీసిన డబ్ల్యుమెల్ రకం. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో దానితోనే డెంగీ 77 శాతం తగ్గింది. కానీ దోమ పిల్లలు పెరిగే నీరు రోజూ 37 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ రకం దోమ ఒంట్లో పలచబడిపోతుంది. ఎండన పడి ఉన్న టైర్లలో, డబ్బాల్లో నీరు అంతగా కాగుతుంది. అందుకే మలేసియా బృందం ఆసియా పులిదోమ ఏడిస్ ఆల్బోపిక్టస్ నుంచి తీసిన డబ్ల్యుఆల్బ్‌బి రకాన్ని తీసుకుంది. అది వేడికి బాగా తట్టుకుంటుంది.

2019 చివర్లో నజ్ని వాసి అహ్మద్ మొదలైనవారు తొలి ఫలితాలను ప్రచురించారు. దోమలను వదిలిన ఆరు చోట్లనూ, వాటిని పోలిన వదలని చోట్లనూ సరిపోల్చి తేల్చినదే ఆ 40 శాతం. తర్వాత 20 చోట్లకు విస్తరించి, వదలని 76 చోట్లతో పోల్చి చూస్తే తగ్గుదల 62 శాతానికి చేరింది. అన్నిచోట్లా ఒకే తీరు లేదు. కొన్నిచోట్ల పక్క ప్రాంతాల దోమలు వచ్చి కలవడంతో వోల్బాకియా పలచబడింది, మళ్లీ వదలాల్సి వచ్చింది. ఈ లోపాన్నీ వారు లెక్కతోనే చెప్పారు.

1905లోనూ 2017లోనూ కీలకం పోలికే. పెద్ద తేడా మాత్రం ఒకటుంది. ఆనాడు వార్డులో వరసగా నిలబెట్టిన రోగులను ఎవరూ అడగలేదు. ఈనాడు కాలనీవాసుల అనుమతి లేనిదే ఒక్క దోమనూ వదలలేదు.

మన దేశంలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం 2022లో డబ్ల్యుమెల్, డబ్ల్యుఆల్బ్‌బి రెండు రకాల దోమలనూ సిద్ధం చేసింది. రేపు అవి తెలుగు నగరాలకు వస్తే మనం అడగాల్సినవి రెండు. వేసవిలో పగలు 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం లాంటి చోట్ల వదిలేది ఏ రకం? దానితో పాటు, డెంగీ తగ్గిందని చెప్పేటప్పుడు, దోమలను వదలని ఏ కాలనీతో పోల్చి ఆ మాట అంటున్నారు? రెండో ప్రశ్నకు జవాబు లేని శాతం ఎంత పెద్దదైనా నమ్మనక్కర్లేదు.