కొత్త కార్డు బిగించాక కంప్యూటర్ మొరాయిస్తే

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కొత్తగా గ్రాఫిక్స్ కార్డో, వైఫై కార్డో బిగించాక తెర వెలగకపోతే అనుమానమంతా ఆ కార్డు మీదకే పోతుంది. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది. బిగించే హడావిడిలో పక్కనున్న కేబుల్ వదులై ఉంటుంది, లేదా కార్డుకు చాలినంత కరెంటు అందదు. అందుకే ముందుగా కొత్త కార్డును తీసేసి, పాత అమరికలో కంప్యూటర్ నడుస్తుందేమో చూడాలి. నడిచిందంటే లోపం చాలావరకు కార్డు, స్లాటు, కరెంటు, డ్రైవర్ ఈ నాలుగింటిలోనే ఉంటుంది. అప్పటికీ నడవకపోతే ర్యామ్‌నూ, హార్డ్‌డిస్క్ కేబుళ్లనూ నొక్కి చూడాలి.

కేబినెట్ తెరిచే ముందు కంప్యూటర్‌ను ఆపితే సరిపోదు. ప్లగ్గు గోడకు ఉన్నంతసేపూ, పవర్ సప్లై వెనక స్విచ్ కట్టేస్తే తప్ప, మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు పోవడానికి కేబినెట్ లోహాన్ని తాకాలి. ఆ విద్యుత్తు చేతికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. చిప్పులు అంతకన్నా ఎంతో తక్కువకే దెబ్బతింటాయి.

తర్వాత కార్డు కూర్చున్న తీరు చూడాలి. స్లాటు చివరి గొళ్లెం టక్కుమని పడిందా, స్క్రూ బిగించినప్పుడు కార్డు ఒక పక్క పైకి లేచిందా? ఇవన్నీ సరిగా ఉన్నా తెర నల్లగానే ఉంటే మానిటర్ కేబుల్‌ను గమనించాలి. అది కొత్త గ్రాఫిక్స్ కార్డుకు కాక, పాత అలవాటు కొద్దీ మదర్‌బోర్డుకే పెట్టి ఉండటం చాలా మామూలు.

అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది కరెంటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గ్రాఫిక్స్ కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లే ఇస్తుంది. ఆరు పిన్నుల కేబుల్ మరో 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇచ్చేలా ప్రమాణాలు నిర్ణయించారు. పవర్ సప్లై బలహీనమైతే డెస్క్‌టాప్ మామూలుగానే తెరుచుకుంటుంది. ఆటో, వీడియో ఎడిటింగో మొదలవగానే కంప్యూటర్ ఆరిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. ఈ లక్షణం కనిపిస్తే విండోస్ మళ్లీ ఎక్కించడం వృథా శ్రమ. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ చూడటానికి ఇలాంటిదే, కానీ అందులో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. దాన్ని కార్డులోకి బలవంతంగా దూర్చకూడదు. వేరే పవర్ సప్లైతో వచ్చిన విడి కేబుళ్లు వాడటం ఇంకా ప్రమాదం. సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణమే లేదు.

కొత్త కార్డు పెట్టగానే ఇంకేదో మాయమవడమూ ఉంది. చాలా మదర్‌బోర్డుల్లో కొన్ని ఎం.2, సాటా పోర్టులు, స్లాట్లు ఒకే లేన్లను పంచుకుంటాయి; ఒకటి నిండితే మరొకటి పనిచేయదు, లేదా వేగం తగ్గుతుంది. ఇది లోపం కాదు. ఏది దేనితో పంచుకుంటుందో మదర్‌బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

విండోస్ తెరుచుకున్నా కార్డు పనిచేయకపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్ తెరిచి, అందులోని కోడ్ చూడాలి. 28 అంటే డ్రైవర్ లేదు. 12 అంటే కార్డుకు కావలసిన వనరులు ఖాళీగా లేవు. 43 అంటే పరికరమే లోపాన్ని తెలిపింది. డ్రైవర్ మార్చినా అది పోకపోతే కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అక్కడా అదే కోడ్ వస్తే అప్పుడు కార్డును వారంటీకి పంపవచ్చు.