బ్రౌనీ: దించే అదను తెలిస్తే చాలు

సోమవారం పొద్దున్నే విమానమెక్కి క్లయింటు ఊరికెళ్ళి, గురువారం రాత్రికి ఇల్లు చేరే కన్సల్టెంటు ఉద్యోగం నాది. శనివారం పిల్లలతో కలిసి గంటలో చెయ్యగలిగే వంటకం కోసం వెతికితే బ్రౌనీ దొరికింది. అమెరికాలో ఇది పాత వంటకమే. ఫానీ ఫార్మర్ వంటల పుస్తకం 1906 ముద్రణలోనే చాక్లెట్ బ్రౌనీ ఉంది.

డబ్బా మిక్స్ అక్కర్లేదు. ఒక స్టిక్ వెన్న, అంటే 113 గ్రాములు, కరిగించి కప్పు పంచదార కలపండి. గోరువెచ్చగా అయ్యాక రెండు గుడ్లు, చెంచా వెనీలా వేసి బాగా గిలక్కొట్టండి. అరకప్పు కోకో పొడి, అరకప్పు మైదా, పావు చెంచా ఉప్పు జల్లించి వేసి, పొడి కనబడనంతవరకే కలపండి. ఎక్కువ కలిపితే మైదా సాగి ముక్క గట్టిగా వస్తుంది. 8 అంగుళాల చదరపు పాన్‌లో బేకింగ్ కాగితం పరిచి పొయ్యండి. ముందే 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, సెల్సియస్‌లో 175కి, వేడిచేసిన అవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి.

మైదా తక్కువ, వెన్న ఎక్కువ, బేకింగ్ పౌడర్ అసలు లేదు. అందుకే ఇది కేకులా పొంగకుండా ఫడ్జ్‌లా ముద్దగా ఉంటుంది. అసలు కిటుకు దించడంలో ఉంది. కేకులో గుచ్చిన పుల్ల పొడిగా రావాలి. దీనికి మాత్రం తడి పలుకులు నాలుగు అంటుకోవాలి, జారే పిండి అంటుకోకూడదు. దించాక కూడా పాన్ వేడికి లోపల ఉడుకుతూనే ఉంటుంది. పూర్తిగా చల్లారాకే కొయ్యండి. అప్పటికి వెన్న బిగిసి ముక్క నిలబడుతుంది. మైసూర్‌పాక్ దించే అదను తెలిసినవాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు.

మా అమ్మ ఆర్నెల్లుండి వెళ్దామని వస్తుంది. గుడ్డు ముట్టదు. నానమ్మకి పెట్టకుండా తినడం పిల్లలకి నచ్చదు. అందుకని రెండు గుడ్లకి బదులు అరకప్పు చిక్కటి పెరుగు, పావు చెంచా వంటసోడా వేస్తాం. పైన నిగనిగలాడే పలచటి పొర రాదుగానీ, లోపలి మెత్తదనం ఉంటుంది. పుల్ల గుచ్చి చూసే పని నానమ్మదే.

రెండు జాగ్రత్తలు. బడికి పంపేటట్టయితే వాల్‌నట్లు వెయ్యకండి, ఎవరికి ఎలర్జీ ఉందో మనకి తెలియదు. గిన్నె నాకుతామంటే పిల్లల్ని వద్దనండి. గుడ్డు లేకపోయినా పచ్చి మైదాలో ఈ-కొలై ఉండొచ్చు. 2016లో అమెరికాలో ఆ కారణంగానే జనం జబ్బుపడ్డారు.

ఈ శనివారం ఇంట్లో పెద్దవాళ్ళని కూడా వంటింట్లోకి పిలవండి. సెలవు.