టిటికాకా తీరమున మంచుతో సేద్యము

దక్షిణ అమెరికా ఖండమున, పెరూ, బొలీవియా దేశముల సరిహద్దున, ఆండీస్ పర్వతముల నడుమ టిటికాకా సరస్సు కలదు. దాని వైశాల్యము సుమారు 8,300 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టమునకు 3,800 మీటర్లకు పైబడిన ఎత్తుననున్నది. అచ్చట పగటి యెండ తీక్షణము, రాత్రి చలి దుస్సహము. ఒక్క రాత్రి కురిసిన మంచు చేనునంతను మాడ్చివేయగలదు.

ఇట్టి చోట నగరములెట్లు వెలసినవి? తొలుత పుకారా జనులును, పిమ్మట సుమారు క్రీ.శ. 500–1000 నడుమ తివానాకు జనులును మహాశిలలతో ఆలయములు నిర్మించిరి. ఆ శిలలను చూచి ఆశ్చర్యపడని వారుండరు. కాని మనము ముఖ్యముగా తెలిసికొనదగినది, ఆ శిల్పులకు కూడు పెట్టిన విద్య.

సరస్సు చెంత పల్లపు నేలలలో వారు కాలువలు త్రవ్వి, ఆ మట్టితో నడుమ ఎత్తైన మడులు కట్టిరి. కాలువ నీరు పగటి వేడిమిని గ్రహించి, రాత్రి మెల్లగా విడుచును. ఆ వెచ్చదనము పైరును మంచునుండి కొంతవరకు కాపాడును. కాలువ అడుగున పేరుకొన్న బురదయే మడికి ఎరువు.

అంతేకాదు, ఆ మంచుచేతనే పని చేయించుకొనిరి. బంగాళాదుంపలను ఆరుబయట పరచినచో రాత్రి గడ్డకట్టును, పగలు మెత్తబడును. అప్పుడు వానిని కాళ్లతో త్రొక్కి, నీరు పిండి, మనము ఒరుగులు పెట్టుకొన్నట్లే ఎండబెట్టుదురు. 'చూన్యో' అను ఈ ఎండుదుంప ఏండ్ల తరబడి నిలువయుండి, కరవునాడు ఆదుకొనును. మన వంటయిండ్లలోని బంగాళాదుంపయు, ఆండీస్ జనులు వేలయేండ్ల క్రితము సాగుచేసి లోకమునకిచ్చినదే.

క్రీ.శ. 1000 తరువాత తివానాకు క్షీణించెను. దీర్ఘమైన అనావృష్టియే కారణమని కొందరు పరిశోధకుల మతము. పిమ్మట ఐమారా రాజ్యములు, 15వ శతాబ్దమున ఇంకాలు, 16వ శతాబ్దమున స్పెయినువారు వచ్చిరి. కాలక్రమమున మడులు బీడుపడినవి. 1980 దశకమున పరిశోధకులు, స్థానిక రైతులు కలిసి కొన్నింటిని పునరుద్ధరింపగా పంట బాగుగా పండినది. కాని కాలువలను బాగుచేయుచుండుటకు పెక్కు చేతులు కావలెను. అవి కొరవడిన చోట్ల మడులు మరల పాడుపడినవి.

2023లో వర్షాభావమువలన సరస్సు నీరు మునుపెన్నడును లేనంత తక్కువ మట్టమునకు చేరువైనది. ఇట్టి కాలమున పూర్వుల విద్య విలువ మరింత తెలియును. చూన్యో నేటికిని నిలిచియున్నది. ఒక్క కుటుంబము చాలును దానికి. కాలువల సేద్యమట్లు కాదు. ఊరంతయు కలిసిననే అది నిలుచును.